మిఠాయి వదిన

"పట్టుకున్నాం! రేపు పొద్దునకల్లా మిఠాయి రెడీగా ఉండాలి. అందరూ నీ చేతి మిఠాయే అంటున్నారు."

మొగుడు ఫోన్లో ఇంతే చెప్పి పెట్టేస్తాడు. ఎవర్ని పట్టుకున్నారు, ఎక్కడ పట్టుకున్నారు, తను తిన్నాడా, ఇంట్లోవాళ్ళు తిన్నారా, ఇవేవీ ఆ ఫోన్లో ఉండవు. పెళ్ళయిన కొత్తలో ఈ మాట వింటే ఆమె పొంగిపోయేది. తన మొగుడు పోలీసు బండి తోలుతాడు, ఆ బండికి దొరక్కుండా ఎవడూ పోలేడు, అందుకే స్టేషన్లో అతన్ని 'రాకెట్' అంటారు. రాకెట్ గారి భార్య అనిపించుకోవడం అప్పట్లో ఆమెకు గొప్పగానే ఉండేది. అబద్ధం ఎందుకు, చాలాకాలం గొప్పగానే ఉంది.

ఆ స్టేషన్లో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. పారిపోతున్న బండిని వెంటపడి పట్టుకుంటే, ఆ మర్నాడు పోలీసు బండి తోలినవాడి ఇంటి నుంచి స్టేషన్‌కి మిఠాయి వెళ్ళాలి. తెలివైన పెళ్ళాలు కొట్లో కొని పంపేవాళ్ళు. ఈమెకు ఆ తెలివి లేకపోయింది. మొదటిసారి ఇంట్లో చేసి పంపింది. అందరూ వేళ్ళు నాక్కున్నారు. అంతే, అది ఆమె మెడకు చుట్టుకుంది. స్టేషన్లో ఆమె అసలు పేరు ఒక్కరికీ తెలియదు. కుర్ర కానిస్టేబుళ్ళ దగ్గర్నుంచి ఇన్‌స్పెక్టర్ దాకా అందరికీ ఆమె 'మిఠాయి వదిన'.

చేయడం అంటే మాటలా? పాలు చిక్కబడేదాకా పొయ్యి దగ్గర నిలబడి తిప్పుతూనే ఉండాలి. పక్కకు చూస్తే అడుగంటుతుంది. చెయ్యి పడిపోతుంది, నడుము పట్టేస్తుంది. అత్తగారు గుమ్మంలో కుర్చీ వేసుక్కూచుని, "మాడనీకు అమ్మాయ్, మావాడి పరువు పోతుంది," అని గుర్తుచేస్తూ ఉంటుంది. చివర్లో ఆమె ఒక రవ్వ ఉప్పు వేస్తుంది. తీపి మొహం మొత్తకుండా ఉండడానికి అది ఆమె కనిపెట్టుకున్న కిటుకు. డబ్బా స్టేషన్‌కి వెళ్ళాక మొగుడు అక్కడ నిలబడి, "తీసుకోండి, ఇంకోటి తీసుకోండి," అంటాడట, రాత్రంతా తనే గరిటె తిప్పినట్టు. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా? ఒకసారి ఒళ్ళు కాలిపోతుంటే, ఈసారికి కొట్లో కొనిద్దామండీ అంది. "నేను ప్రాణాలకు తెగించి బండి తోలొచ్చాను, నువ్వు కాసేపు పొయ్యి దగ్గర నిలబడలేవా?" అన్నాడు. ఆమె లేచి పాలు పొయ్యి మీద పెట్టింది. తెగించింది ఎవరి ప్రాణాలకు అన్న ప్రశ్న అప్పటికి ఆమెకు పుట్టలేదు.

ఆ రోజు ఫోను కూడా అచ్చం ఇలాగే వచ్చింది. అదే గొంతు, అదే హుషారు. ఆమె అలాగే చేసింది, అలాగే పంపింది. డబ్బా వెళ్ళిపోయాక నేల మీద పేపరు పరుచుకుని కూరగాయలు తరుగుతోంది. తొక్కలు పక్కకు నెడుతుంటే అడుగున ఒక ఫోటో బయటపడింది, నవ్వుతున్న ఆడపిల్లది. కింద వార్త. నంబరు పలక లేని ఒక కారు చెక్‌పోస్టు దగ్గర ఆపకుండా పోయింది. పోలీసు బండి వెంటపడింది. సాయంత్రం, బజారు నిండా జనం. కారువాడు వెనక సైరన్ విని బెదిరి ఫుట్‌పాత్ ఎక్కించాడు. జిరాక్స్ కొట్టులోంచి కాగితాలతో బయటికొస్తున్న కాలేజీ అమ్మాయి అక్కడికక్కడే పోయింది. కారు ఆ వీధి చివర దొరికింది. వార్త చివర ఒక్క ముక్క: నిందితుణ్ణి పోలీసులు చాకచక్యంగా పట్టుకున్నారు.

ఆమె కత్తిపీట పక్కన పెట్టి ఫోటో మీది తొక్కలు చేత్తో తుడిచింది. ఆ పిల్ల ఆమెకు తెలుసు. బజారు మొదట్లో కుట్టుమిషను పెట్టుకున్న టైలరమ్మ కూతురు. క్వార్టర్స్‌లో ఆడవాళ్ళందరి బట్టలూ టైలరమ్మే కుట్టేది. కొలతలు తీసేటప్పుడు ఆ పిల్ల పక్కన నిలబడి టేపు అందిస్తూ ఉండేది.

మొగుడు ఇంటికొచ్చాడు. చొక్కా విప్పి కుర్చీ మీద పడేశాడు, ఎప్పటిలాగే, ఎత్తి ఉతకాల్సింది ఎవరో తెలిసిన మనిషిలా.

"నిన్న నాకు ఫోన్ చేసేటప్పటికి ఆ అమ్మాయి పోయిందని మీకు తెలుసా?"

"నా బండి తాకలేదు."

"తెలుసా అని అడిగాను."

"తెలిస్తే? పట్టుకున్నామా లేదా? మిఠాయి మానేస్తే తప్పు మాదేనని ఒప్పుకున్నట్టు కాదూ? ఆనవాయితీ ఆపొద్దని ఇన్‌స్పెక్టర్ గారే అన్నారు." గ్లాసు అందుకుని నీళ్ళు తాగాడు. "నా బండి తాకలేదు," అన్నాడు మళ్ళీ, ఆమె వినలేదేమో అన్నట్టు.

ఆ సాయంత్రమే హాస్టల్లో ఉన్న కూతురికి ఫోన్ చేశాడు. "ఎక్కడైనా సైరన్ వినబడితే రోడ్డు పక్కన నిలబడకు తల్లీ. గబుక్కున ఏదో ఒక కొట్లోకి దూరిపో. అర్థమైందా?" పక్కగదిలో బట్టలు మడతపెడుతున్న ఆమెకు ఆ మాట వినబడింది. ఈయనకు తెలుసు. తన బండి వస్తుంటే జనం ఎక్కడ దాక్కోవాలో ఈయనకు బాగా తెలుసు. సొంత కూతురికి ఒక్కదానికే చెప్పాడు. ఆ మాట ఆమె మనసులో దిగిపోయింది. మనిషి చెడ్డవాడైతే ఒక దారి. ఇతను చెడ్డవాడు కాదు, కూతురంటే ప్రాణం. అందుకే ఆమెకు ఎటూ దారి కనబడలేదు.

కొన్నాళ్ళకు టైలరమ్మ సంతకాల కాగితాలు పట్టుకుని తిరగడం మొదలుపెట్టింది. మనుషుల ప్రాణాలకు ముప్పు తెచ్చేవాడైతే తప్ప పోలీసులు జనం మధ్య బండి వెంట బండి తోలకూడదు, పైనుంచి ఆపమంటే అక్కడే ఆపెయ్యాలి, అని చట్టం చేయమని ఆ కాగితం. తనలాంటి ఇంకొందరు తల్లులు కలిశారు. ఎండనకా వాననకా తిరిగారు. ఎక్కే గడప ఎక్కుతూ, దిగే గడప దిగుతూ అర్జీలిచ్చారు. ఆఖరికి శాసనసభ కమిటీ ఒకటి వేసి, జనం చెప్పేది వింటామన్నారు.

ఒక మధ్యాహ్నం టైలరమ్మ పోలీసు క్వార్టర్స్‌కే వచ్చింది. ఒక్కో తలుపూ లోపలి నుంచి గడియ పడింది. నిన్నమొన్నటిదాకా ఆమె చేత కొలతలు తీయించుకున్నవాళ్ళే. మిఠాయి వదిన తలుపు తెరిచే ఉంది. మూయాలని తోచలేదంతే. అత్తగారు నిద్రపోతోంది. టైలరమ్మ లోపలికొచ్చి, కుర్చీలో కూర్చోమన్నా వినకుండా నేల మీద కూర్చుంది.

"సంతకం కోసం రాలేదమ్మా. నువ్వెవరి భార్యవో నాకు తెలుసు. కమిటీ ముందుకొచ్చి ఒక్క మాట చెప్పమని అడగడానికొచ్చాను. మేం మాట్లాడితే ఏడుస్తున్నారంటున్నారు. పోలీసు ఇంట్లోంచి ఒక్క గొంతు వస్తే వింటారేమో."

"నేనేం చెప్పగలను అక్కా? నాకేం తెలుసు?"

"ఇంట్లో ఆడదానికి తెలియనిదేముంటుంది?" అంది టైలరమ్మ. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, ఎవరి మీదా కోపం లేనట్టు చెప్పింది. "మీవాళ్ళందరూ చెడ్డవాళ్ళని నేననను. ఆ మర్నాడు పొద్దున, ఆస్పత్రిలో పిల్లని అప్పగించే కాగితం కోసం స్టేషన్‌లో బెంచీ మీద కూర్చున్నాను. ముందురోజు నుంచీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. కళ్ళు తిరుగుతున్నాయి. ఎవరో కుర్ర కానిస్టేబులు వచ్చి, తీసుకోండమ్మా అని నా చేతిలో మిఠాయి ముక్క పెట్టాడు. నేనెవర్నో కూడా అడగలేదు. తిన్నాను. తియ్యగా ఉంది, చివర్లో కొంచెం ఉప్పగా తగిలింది. నా కన్నీళ్ళేమో అనుకున్నా. అంత నరకంలోనూ నా ఆకలి కనిపెట్టినవాడు ఒకడున్నాడే అనిపించింది. రాత్రుళ్ళు నిద్రపట్టకపోతే ఆ చెయ్యే తలుచుకుంటాను. ఆ ఒక్కటీ లేకపోతే నాకు పిచ్చెక్కేదమ్మా."

మిఠాయి వదిన గోడకు ఆనుకుంది. టైలరమ్మ ఎప్పుడు లేచిందో, ఎప్పుడు వెళ్ళిపోయిందో ఆమెకు సరిగా తెలియలేదు.

ఆ రోజు నుంచీ ఆమె మనసు కుదుట లేదు. అంట్లు తోముతున్నా, దుప్పట్లు దులుపుతున్నా ఒకటే ఆలోచన. చెప్పాల్సిన మాట తన దగ్గర ఉంది, నిజమే. కానీ అది చెప్తే టైలరమ్మకు మిగిలిన ఆ ఒక్క చెయ్యీ పోతుంది. ఆ కుర్రాడు కొత్తవాడు, బెంచీ మీదున్నవాళ్ళను వదిలేసి పంచితే బాగుండదనుకుని ఉంటాడు. వాడికేం తెలుసు, ఆ డబ్బా దేనికొచ్చిందో? తల్లి చేతిలో కూతురి చావు మిఠాయి పెట్టాడు. చేసింది ఎవరు? ఈ చేతులే. తిలాపాపం తలా పిడికెడు అంటారు, ఆ పిడికెళ్ళు కట్టి, డబ్బాలో సర్ది, మూతపెట్టి పంపింది తనే. తనకు తెలియదు, అది వేరే సంగతి. తెలిసినవాడు నిద్రపోతున్నాడు, పక్కనే, గురకపెట్టి. తెలియని తనకేమో కంటి మీద కునుకు లేదు. ఇదేం న్యాయం? ఈ ఇంట్లో నిద్ర కూడా మగవాళ్ళకే రాసిపెట్టారా?

కమిటీ సంగతి మొగుడి చెవిన పడింది. క్వార్టర్స్‌లో గోడలకు చెవులే కాదు, కాళ్ళు కూడా ఉంటాయి.

"నువ్వెళ్ళి అక్కడేం మాట్లాడతావు? నీకు తెలిసిందల్లా వంట!" అన్నాడు.

"చల్లని కాపురంలో నిప్పులు పోసుకుంటావా అమ్మాయ్?" అంది అత్తగారు. "వాడు దొంగల్ని పట్టకపోతే ఈ ఇంట్లో పొయ్యి వెలుగుతుందా?"

నాకు తెలిసిందల్లా వంటే, అదే చెప్తాను, అనుకుంది ఆమె లోపల.

కానీ ముందు చెప్పాల్సింది అక్కడ కాదు. పాత జాకెట్టు ఒకటి చేతులు వదులు చేయించాలన్న నెపంతో టైలరమ్మ కొట్టుకు వెళ్ళింది. అంతమందిలో ఒక్కసారిగా వింటే ఆ తల్లి ఏమైపోతుంది? మిషను పక్కన పీట మీద కూర్చుని, కళ్ళలోకి చూడకుండా, ఆనవాయితీ సంగతీ, డబ్బా సంగతీ, ఉప్పు సంగతీ చెప్పేసింది. టైలరమ్మ కుట్లు విప్పుతూ వింటోంది. విప్పుతూనే ఉంది. విప్పాల్సినవి అయిపోయాక బాగున్న కుట్లు కూడా విప్పేసింది.

"అయితే ఆ ఉప్పు నా కన్నీళ్ళది కాదన్నమాట," అంది.

"కాదక్కా."

టైలరమ్మ రెండుగా విడిపోయిన జాకెట్టు మడతపెట్టి ఆమె ఒళ్ళో పెట్టింది. "ఈ మాటే అక్కడ చెప్పమ్మా. నేను పక్కన కూర్చుంటాను." అంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఆమెకు దారి పొడుగునా అనిపించింది.

కమిటీ వాళ్ళది పెద్ద హాలు, చల్లగా ఉంది. మెత్తటి కుర్చీల్లో సభ్యులు, ఇనప కుర్చీల్లో తల్లులు. మొదట రిటైరైన పోలీసు అధికారి ఒకాయన మాట్లాడాడు. బాగా మాట్లాడాడు, కాదనడానికి లేదు. వెంటపడరని తెలిస్తే రేపు ప్రతివాడూ ఆపకుండా పోతాడు, పిల్లల్ని ఎత్తుకుపోయేవాణ్ణి కూడా నంబరు రాసుకుని వదిలేయమంటారా, అని అడిగాడు. కాగితంలో అలా లేదు బాబూ, ప్రాణం మీదికి తెచ్చేవాణ్ణి పట్టుకోమనే ఉంది, అని ఒక తల్లి అనబోయింది. మీ వంతు వచ్చినప్పుడు చెప్పండమ్మా అన్నారు. ఆమె వంతు వచ్చినప్పుడు ఆమెకు ఏడుపొచ్చింది. అధ్యక్షుడు తల పంకించి, నీళ్ళివ్వండి అన్నాడు. తల్లులకు నీళ్ళివ్వడంలో ఆ కమిటీ ఏ లోటూ చేయలేదు.

మిఠాయి వదిన వంతు వచ్చింది. బండి దొరికితే ఫోన్ ఎలా వస్తుందో, పాలు ఎలా మరుగుతాయో, డబ్బా ఎక్కడికి వెళ్తుందో చెప్పింది. ఆ పిల్ల పోయిన రోజు కూడా ఫోన్ అలాగే వచ్చిందని, ఆ డబ్బాలోని ముక్కే ఈ తల్లి చేతిలో పడిందని చెప్పింది. సభ్యులు కాగితాల మీంచి తలెత్తారు. ఒక్క క్షణం, కేవలం ఒక్క క్షణం, వీళ్ళకు ఎక్కింది అనుకుంది.

అధ్యక్షుడు కళ్ళజోడు సర్దుకున్నాడు. "చాలా బాధాకరం. కాని అమ్మా, మిఠాయికీ చట్టానికీ సంబంధం ఏమిటి?"

"ఉందండీ. పట్టుకుంటే మిఠాయి ఉంది. మనుషులున్నారని మధ్యలో ఆపేసి ఇంటికొచ్చినవాడికి ఏముంది? ఎగతాళి ఉంది. మిఠాయి పంచుకునే పనిని ఎవరైనా మధ్యలో ఆపుతారా? వాళ్ళంతట వాళ్ళు ఆపరండీ. అందుకే చట్టం కావాలి."

చివరి కుర్చీలోని సభ్యుడు, హాలు మరీ బరువెక్కిందనుకున్నాడో ఏమో, "మాకూ ఒక డబ్బా తేవాల్సిందమ్మా," అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. మూల కూర్చుని టైపు చేస్తున్న అమ్మాయి చేతులాపి, "సార్, ఈ మిఠాయి సంగతి రాయాలా?" అని అడిగింది. "అక్కర్లేదు. కుటుంబ విషయాలు," అన్నాడు అధ్యక్షుడు.

చెవిటివాడి ముందు శంఖం ఊదితే కనీసం వాడు దేన్నో కొరుకుతున్నావని అనుకుంటాడు. వీళ్ళు వినే నవ్వారు. చట్టం రాలేదు. దాని బదులు స్టేషన్లకు ఒక సూచన వెళ్ళింది: వెంటాడేటప్పుడు వీలైనంత జాగ్రత్త వహించాలి. అన్ని గడపలు ఎక్కిన కాళ్ళకు, అన్ని సంతకాలకు, ఆ పిల్లకు, దక్కింది ఆ 'వీలైనంత'.

ఆ రోజు హాల్లోంచి బయటికొచ్చి ఇద్దరూ బస్టాపులో కూర్చున్నారు. బస్సు రాలేదు. టైలరమ్మ రోడ్డు వైపు చూస్తూ, "ఒక మాట చెప్పనా అమ్మా," అంది. "ఆ మిఠాయి చాలా బాగుంది. ఇంకో ముక్క పెడితే బాగుండునని కూడా అనుకున్నాను. నా బిడ్డ ఆస్పత్రిలో బల్ల మీద ఉంది, నేను స్టేషన్‌లో బెంచీ మీద ఇంకో ముక్క కోసం చూశాను. అదే నన్ను తినేస్తోంది."

మిఠాయి వదిన ఆమె చెయ్యి పట్టుకుంది. ఓదార్చే అర్హత తనకు లేదనిపించింది.

తర్వాత ఇల్లు ఇల్లులా లేదు. మొగుడు కొట్టలేదు, తిట్టలేదు. మాటలు మానేశాడు. వడ్డిస్తే తింటాడు, చొక్కా ఎప్పటిలాగే కుర్చీ మీద పడేస్తాడు. క్వార్టర్స్‌లో ఆడవాళ్ళు కుళాయి దగ్గర ఆమెను చూసి బిందెలు జరుపుకుంటారు. నేనిక మిఠాయి చేయనని ఆమె ఒక్కటే అంది. "నువ్వు చేయకపోతే ఆగిపోతుందా?" అని అత్తగారు, భుజం నొప్పితో సహా, గరిటె అందుకుంది. ఆగలేదు కూడా. వెంటపడటాలూ ఆగలేదు, పట్టుకోవడాలూ ఆగలేదు. ఉప్పు రవ్వ మాత్రం తగ్గింది, అది అత్తగారికి తెలియదు.

ఒక సాయంత్రం ఫోన్ మోగింది. మాటలు మానేసినా మొగుడు ఫోన్ మానలేదు, మిఠాయి కావాలి కదా. మోత వినగానే వంటింట్లో అత్తగారు గిన్నె దించి పాలు పోసింది, అలవాటుకొద్దీ.

"పట్టుకున్నాం. అమ్మకు చెప్పు, రేపు పొద్దునకల్లా..."

గొంతులో హుషారు ఉంది. ఆ రోజూ ఇలాంటి హుషారే. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు ఈ మాట విని 'సరే' అందో. ఆ 'సరే' నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

"ఎవరు పోయారు?" అని అడిగింది.

లేదు, ఎవరూ పోలేదు, నోర్ముయ్, అంటాడనుకుంది. అనాలని కోరుకుంది. తిట్టినా సంతోషించేది. ఫోన్లో ఊపిరి వినబడుతోంది. ఎక్కడో దూరంగా జనం కేకలు. చాలాసేపటికి గొంతు సవరించుకున్నాడు.

"నా బండి..." అన్నాడు.

ఆమె ఫోన్ పెట్టేసింది. సీసాలో మంచినీళ్ళు నింపుకుంది. చెప్పులు తొడుక్కుంటుంటే వంటింట్లోంచి అత్తగారు కేకేసింది. "పాలు పొయ్యెక్కాయి, ఈ వేళప్పుడు ఎక్కడికే?"

"స్టేషన్‌కి అత్తయ్యా. ఆ బెంచీ మీద ఎవరో ఒక తల్లి వచ్చి కూర్చుంటుంది. మన మిఠాయి ఆమె చేతిలో పడకముందే నేను వెళ్ళి పక్కన కూర్చోవాలి."